కార్పొరేటర్ ఆదివారం కబురు

ఆయన మహదేవపురలో మా వార్డుకి మాజీ కార్పొరేటర్. పదవీకాలం ముగిసినా మళ్లీ ఎన్నికలు జరగలేదు కాబట్టి ఆ 'మాజీ'ని మేమెవరమూ పలికేవాళ్లం కాదు. ప్రతి ఆదివారం పొద్దున మా వీధి వాట్సాప్ గ్రూపులో ఆయన వాయిస్ మెసేజ్ వచ్చేది. నడుస్తూ మాట్లాడేవాడు, మాటల వెనక చెప్పుల చప్పుడు వినిపించేది. కావేరి నీళ్లు, చెత్త బండి, వీధి దీపాల సంగతులన్నీ చెప్పి, చివరికి మూత లేని మోరీ దగ్గరికి వచ్చేసరికి "ఇంజనీరుకు చెప్పినానప్పా, అయితాది" అనేవాడు. ఆ మాట నమ్మి మేమెవరమూ ఎక్కడా ఫిర్యాదు చేయలేదు.

వానకి వీధి మునిగిన రోజు మా పక్కింటావిడ ఆ మోరీలో పడి కాలు విరగ్గొట్టుకుంది. నేను వెళ్లేసరికి ఆయన మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ఇంకెవరూ పడకుండా మోరీలో వేపకొమ్మ గుచ్చుతున్నాడు.

"ఇంజనీరు ఏమన్నాడు సార్?" అని గట్టిగానే అడిగాను.

"పదవి పోయినాక నా ఫోను ఎత్తేదే లేదప్పా."

"మరి వారం వారం అట్లా ఎందుకు చెప్పారు?"

"మీరంతా అడుగుతా ఉండారు. నా చేతిలో ఏమీ లేదని ఎట్ల చెప్పేది?" అన్నాడు, కొమ్మ మీంచి చూపు తిప్పకుండా.

ఒళ్లు మండి, ఆసుపత్రిలో ఉన్న పక్కింటావిడకి అంతా చెప్పాను. ఆవిడ కళ్లు మూసుకుని విని, "పాపం, ఇది గ్రూపులో ఎవరికీ చెప్పకు" అంది.

ఆదివారం మళ్లీ అదే చెప్పుల చప్పుడు, అదే "చెప్పినానప్పా". దాని కింద అందరికంటే ముందు దండం బొమ్మ పెట్టింది ఆవిడే.