ప్రార్థనలో మురుకుల చప్పుడు

ఆ కాలంలో పాకాలలో వేడన్నం ఎరగని ఇల్లు ఏదైనా ఉందంటే అది మాదే. అమ్మ వండక కాదు, నాయన ప్రార్థన వల్ల. రైల్వేలో గార్డుగా పనిచేస్తూ మా చర్చికి సంఘపెద్దగా ఉన్న నాయన, పళ్లెం ముందు కూర్చుంటే చుట్టాలందరినీ దేవుని ముందు వరసగా నిలబెట్టేవాడు. పలమనేరు చిన్నత్త మోకాలు, రేణిగుంట పెదనాయన బదిలీ, పక్కింటి ఎనుము ఈత అన్నీ అయితేగానీ ఆమెన్ రాదు. (ఎనుము మాది కాదు, పాలు మాత్రం మాకే పోసేవాళ్లు.) అమ్మకు నడుము పట్టేస్తే, వీధంతా నవ్వుతున్నా కొళాయి దగ్గర బిందె పట్టుకొని నిలబడే మనిషి ఆయన. ప్రేమ ఎక్కువై ప్రార్థన పొడుగైందని ఇప్పుడు తెలుస్తోంది గానీ, అప్పుడు మాకు తెలిసిందల్లా ఆకలే. ఇక ఆ ప్రార్థనలో కళ్లు తెరవడమంటే మా ఇంట్లో దొంగతనం కన్నా పెద్ద నేరం.

నా పెళ్లిచూపులు కోత పండగకు కాస్త ముందు వచ్చాయి. పండగనాడు చర్చికి కానుకగా ఇవ్వాలని నాయన ఒక మేకను పెంచుతున్నాడు. దేవుని సొమ్మని దాన్ని కట్టేయనిచ్చేవాడు కాదు, అదిలించనిచ్చేవాడూ కాదు. చర్చిలో నాయన పెద్ద, ఇంట్లో అది పెద్ద. చిత్తూరు నుంచి అబ్బాయి, వాళ్లమ్మా నాయనా వచ్చారు. అమ్మ చేసిన మురుకులు, మైసూరుపాకు పళ్లేల్లో పెట్టి బల్ల మీద ఉంచాం. నన్ను తల వంచుకొని కూర్చోమన్నారు. వంచితే అబ్బాయి పాదాలు తప్ప ఏమీ కనబడలేదు. పాదాలను చూసి జన్మంతా కాపురం చేయడమెలా? ఇంతలో నాయన "ప్రార్థన సేసుకొందాము" అన్నాడు. అందరి కళ్లూ మూతబడ్డాయి. ఇదే అదనని నేను తెరిచాను.

మేక అప్పటికే బల్ల దగ్గరుంది. ఏ పళ్లేన్నీ చిన్నబుచ్చకుండా వరసగా తింటోంది. దాని వెనక, నాలాగే కళ్లు తెరిచిన అబ్బాయి! నన్ను చూశాడు, మేకను చూశాడు, జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకొని భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు. దాన్ని తోలితే కళ్లు తెరిచామని తెలిసిపోతుంది. కాబట్టి ఇద్దరమూ నోరెత్తలేదు. కరకర చప్పుడుకు నాయన గొంతు పెంచాడు. "తండ్రీ, తిండి ముందర మాకు ఆశానిగ్రహము దయచేయుము." కరకర. "ఓపిక లేనివారికి ఓపిక దయచేయుము." కరకర.

ఆమెన్ అయ్యేసరికి మేక పెరట్లో ఉంది, పళ్లేలు కడిగినట్టున్నాయి. నాయన గబగబా వంటింట్లోకి పోయాడు. ఖాళీ పళ్లేలతో నేనూ వెనకే పోయాను. "ఈ సంబంధం మనకొద్దు" అన్నాడు అమ్మతో. "దేవునికి మొర పెడతా ఉంటే నమిలేవాళ్లింటికి పిల్లనిచ్చేదా? నా సెవులారా విన్నా." నాకేమో ఆ అబ్బాయి నవ్వు అప్పటికే నచ్చేసింది.

"మేక తినింది నాయనా."

"నీకెట్ల తెలుసు?"

"కండ్లు తెరిసినా."

చెంప పగులుతుందనుకొన్నాను. నాయన నన్ను అలాగే చూసి, గిరుక్కున తిరిగి ముందుగదిలోకి పోయి, అబ్బాయి వాళ్ల నాయన చేతులు పట్టుకొన్నాడు. "అన్నా, తప్పయిపోయింది. మేక తింటే, మీరే తింటా ఉండారనుకొంటిని."

ఆయన తెల్లబోయాడు. "అబ్బా, మేము మీరనుకొంటిమి గదప్పా! మద్దెమద్దెలో నిలిపి నిలిపి సేస్తా ఉంటిరే, నమిలి మింగేదానికేమో అనుకొంటిమి!" (ఆ నిలపడం చుట్టాల పేర్లు గుర్తు చేసుకోవడానికి, పాపం.) అందరికన్నా ముందు నాయనే పగలబడి నవ్వాడు. అమ్మ మళ్లీ పొయ్యి వెలిగించింది.

వాళ్లు రైలెక్కి పోయాక నాయన నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకొన్నాడు. "సూసినావు గదా పాపా, ఎట్లుండాడు?" అన్నాడు. మా చుట్టాల్లో ఏ నాయనా ఏ ఆడపిల్లనూ అలా అడిగినట్టు నేను వినలేదు.

"మేకను సూసి నవ్వుకొన్నాడు నాయనా. కోపం రాలేదు."

"అంతేనా?"

"అంతే."

"సాల్లే, సంసారానికి అది సాలు" అన్నాడు.

నాయన పోయి చాలా ఏళ్లయింది. నీకేమనిపిస్తోందని అడిగినవాళ్లు ఆయన తర్వాత నాకు తక్కువే. ఒక్క నవ్వు చూసి జన్మంతా రాసిచ్చేసిన ఆ పిల్ల ధైర్యం తలుచుకొంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మోసపోలేదు లెండి.