మూడువందల ఎనభై ఐదు డిగ్రీల వరుస

మా సారు పోయారన్న కబురు మొదటి గంటకు ముందే కాలేజీకి వచ్చింది. చొప్పదండి బస్సు దిగిన మా గుమాస్తా తెచ్చాడు. అప్పుడు నేను ఫిజిక్సు ప్రయోగశాల తాళం తీస్తున్నాను. తీసిన తాళం ఎందుకో మళ్ళీ వేసి, మళ్ళీ తీసి, లోపలికి వెళ్ళి నిలబడ్డాను. సారు రిటైరై సొంతవూరు చొప్పదండి చేరేదాకా, కరీంనగర్‌లోని ఆ గదిలోనే ఆయన కింద డిమాన్‌స్ట్రేటరుగా ఆరేళ్ళు పనిచేశాను.

ఆ గదికి ఒకటే కిటికీ. తెరిస్తే ఎదురుగా గోడ. సారు చదువంతా నిజాం కాలంలో ఉర్దూలో సాగింది. ఇంగ్లీషులో పాఠం చెప్తూ కూడా, గుణకారం వస్తే చాలు, "బారహ్ చౌకే అడ్తాలీస్" అని ఉర్దూ ఎక్కాల్లోనే గొణిగేవారు. రాజ్యం మారాక ఆ ఉర్దూ పట్టాతో పెద్ద చోట్ల పని దొరకలేదు. "గీ గదిల జొచ్చిన, బయటవడుడు అయితలే" అనేవారు. నవ్వుతూనే అనేవారు, కాని రోజూ అనేవారు.

ఆయన మనసంతా ఒక్క లెక్క మీద ఉండేది. అణుశక్తితో కరెంటు తీసేచోట పుట్టే వేడిని గొట్టాల్లో నీళ్ళు పారించి చల్లబరుస్తారు. ఆ నీళ్ళను విపరీతమైన ఒత్తిడిలో పెడితే ఇక మసలవు. బుడగ రాదు, ఆవిరి వేరుగా లేవదు. ఏ క్షణాన మారాయో తెలియకుండానే నీళ్ళు ఆవిరి గుణంలోకి జారుకుంటాయి. అలాంటి నీళ్ళు ఎంత వేడిని మోసుకుపోతాయో, గొట్టం గోడ ఎంత కాలుతుందో ముందే లెక్కగట్టి చెప్పాలి. బొంబాయిలో ఈ పనిమీదే ఉన్న ఒక ఇంజనీరుకు సారు ఉత్తరం రాశారు. మేము గొట్టం మీద ప్రయోగం చేస్తున్నాం, మీ అంకె మా కొలతకు దగ్గరగా వస్తే ఇక్కడ మీకు ఉద్యోగం ఉంది అని ఆయన జవాబిచ్చాడు. ఆ ఉత్తరం సారు జేబులో మడతలు చిరిగేదాకా ఉంది.

లెక్కకు నీటి పట్టికలు కావాలి. ఎన్ని డిగ్రీల దగ్గర నీళ్ళు ఎంత వేడిని తాగుతాయో వరుసగా రాసిపెట్టిన పుస్తకం అది. హైదరాబాదులో ఒక లైబ్రరీలో ఉంది, బయటికివ్వరు. చేత్తో దించుకు రమ్మని సారు నన్ను పంపారు. అందులో అయిదు డిగ్రీలకొక వరుస. మధ్యాహ్నానికి వేళ్ళు నొప్పిపుట్టాయి, మ్యాట్నీకి వేళవుతోంది. పదుల వరుసలే నోటుబుక్కులో దించుకుని మధ్యవి వదిలేశాను. కావాలంటే పైదీ కిందదీ కలిపి సగం చేసుకోవచ్చు కదా, మేం క్లాసులో నేర్పేదీ అదే కదా అనుకున్నాను. ఆ సినిమాలో ఎవరు వేశారో కూడా ఇప్పుడు గుర్తులేదు.

"పుస్తకంల పదుల వరుసలే ఉన్నయా?" అని అడిగారు సారు.

"పదులే సార్" అన్నాను.

మూడు నెలలు లెక్క చేసి ఆయన అంకె పంపారు. బొంబాయి నుంచి రెండు ముక్కల జవాబు వచ్చింది. మీ అంకెకూ మా కొలతకూ పొంతన లేదు, ఏమీ అనుకోవద్దు అని.

ఆ ఎండాకాలమంతా తడి తువ్వాలు మెడకు చుట్టుకుని ఆయన ప్రతి గుణకారం మళ్ళీ చేశారు. "ఏడనో తప్పిననయ్యా. తప్పు నా చేతిలనే ఉన్నది, కండ్లకు కనవడ్తలేదు" అనేవారు. తప్పు ఎక్కడుందో అప్పటికి నాకు అనుమానం తగిలింది. కాని నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, ఖాయం చెయ్యమని కాగితం రాయాల్సింది ఆయనే. దొంగకు తేలు కుట్టినట్టు ఎదురుగా కూర్చుని పెన్సిళ్ళు చెక్కాను. ఎంత పిరికివాణ్ణో ఆ పెన్సిళ్ళకే తెలుసు.

వానలు పడ్డాక సారు కళ్ళు చూపించుకోవడానికి హైదరాబాదు వెళ్ళివచ్చారు. ఆ తరువాత తప్పు మాట ఎత్తలేదు. ఎప్పటిలాగే తన చాయ్ సగం సాసర్లో పోసి నావైపు జరిపేవారు. క్లాసులో మాత్రం ఒక మాట కొత్తగా మొదలైంది. "సగటును నమ్మకుండ్రి. గొట్టమంత మంచిగనే ఉంటది, ఒక్కకాడనే కాలుతది. గా ఒక్కకాడ సూడాలె." ఆ నెలలోనే నాకు ఉద్యోగం ఖాయమైంది. కాగితం మీద ఆయన రాసింది నేను చదివాను: పనిలో నమ్మదగినవాడు. బతికిపోయాననుకుని ఇంటికి మిఠాయి కొనుక్కుపోయాను.

పదో రోజున చొప్పదండి వెళ్ళాను. సారు భార్యను మేమంతా అమ్మా అనే పిలుస్తాం. ఆమె పాత నోటుబుక్కు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీ రాతనేనట గదా బిడ్డా. నీకే ఇయ్యమన్నరు."

"సారు బొంబాయికి మళ్ళ రాసిన్రా అమ్మా?" అని అడిగాను.

"కండ్ల దవాఖానకు పోయొచ్చినంక రాసిన్రు. తప్పు నాదే, నేనే సూసుకోలేదు అని రాసిన్రు. అప్పటికే గా నౌకరీల ఇంకో ఆయన కుదిరిండట." మళ్ళీ ఆమే అంది: "పోనియ్యుండ్రి, ఫికర్ జెయ్యకుండ్రి, ఈడ మనకేం తక్కువ అని నేనే అన్న. మీ సారు గోడదిక్కు తిరిగి పండుకున్నరు."

ఆమె ముందే నోటుబుక్కు తెరిచాను. నా రాతే, నా నీలం సిరాయే. మూడువందల ఎనభై, దాని కింద మూడువందల తొంభై. ఆ రెండింటి మధ్య ఖాళీ వేలిగోరంత కూడా లేదు. అందులో ఎర్ర సిరాతో, చీమలంత అంకెలతో, లైబ్రరీలో నేను వదిలేసిన మూడువందల ఎనభై ఐదు డిగ్రీల వరుస ఉంది. అక్కడ నీళ్ళు తాగే వేడి పైవరుసకూ కిందివరుసకూ మధ్యలో లేదు. రెండింటినీ మించి ఎక్కడో ఎత్తున ఉంది.

సారు నా వరుసలు కొట్టెయ్యలేదు. నా అంకెలకు ఎక్కడా ఎర్ర సిరా తగలకుండా రాశారు.