సత్తు పడవకు మాటు

నా చిన్నప్పుడు మా అమ్మ కూర్చుని ఉండగా చూసిన గుర్తు చాలా తక్కువ. ఎప్పుడు చూసినా నిలబడే ఉండేది, అదీ పడవ వెనక భాగంలో, చేతిలో గెడకర్రతో. పులికాట్ నీళ్ల మధ్య ఒక దిబ్బ మీద మా ఊరు. సంతకు పోవాలన్నా, ఆసుపత్రికి పోవాలన్నా, దొరవారిసత్రం దారి పట్టాలన్నా ముందు రేవు దాటాలి. జనాన్ని దాటించే పని మా నాయనది. జ్వరమొచ్చి ఆయన పోయాక ఆ గెడ అమ్మ చేతికి వచ్చింది.

మా పడవ అల్యూమినియంది. ఎప్పుడో తుఫాను సాయంగా వచ్చి మా ఊళ్లోనే ఉండిపోయింది. ఇంట్లో సత్తుగిన్నెలదీ దానిదీ ఒకటే లోహం కాబట్టి అందరూ సత్తు పడవ అనేవాళ్లు. నేను పుట్టేనాటికే అది పాతది, అడుగంతా పగుళ్లు. అమ్మ పాత గుడ్డపేలికలు కుక్కి పైన తారు పూసేది. వారం తిరక్కముందే పగులు ఆ పేలికను దాటి ఇంకొంచెం ముందుకు పాకేది. లోపలికొచ్చిన నీళ్లు డబ్బాతో తోడిపోసే పని నాది. తోడీ తోడీ రాత్రి అన్నం కలుపుకోవడానికి వేళ్లు వంగేవి కావు. ఇప్పుడు కీళ్లనొప్పులని డాక్టరు దగ్గరికి పోతే అంతా వయసు మీదకు తోసేస్తాడు. ఆ నీళ్ల సంగతి ఆయనకేం తెలుసు పాపం!

అమ్మకు ఒకటే భయం. ఆడమనిషి ఎన్నాళ్లు లాగుతుందిలే అని ఊరి పెద్దలు అప్పటికే గొణుగుతున్నారు. ఒక్కరోజు అలిసిపోయానని పడవ కట్టేస్తే చాలు, రేవు ఇంకొకరికి అప్పజెప్పేస్తారు. అందుకని ఒళ్లు కాలిపోతున్నా గెడ వదిలేది కాదు. ఒకరోజు రేవు మధ్యలో, గెడకు ఆనుకుని నిలబడే కళ్లు మూసేసింది. పడవ పక్కకు తిరిగిపోయి వలలు కట్టే గుంజకు గుద్దుకుంది. నేను గట్టిగా అరిచాను. ఆమె ఉలిక్కిపడి కళ్లు తెరిచి, ఎందుకే ఆ అరుపు అని నన్నే కసిరింది. గట్టు చేరి చూస్తే అడుగు పగులు జానెడయింది.

ఆ వారంలోనే నాయుడుపేట నుంచి సాయిబు తాత వచ్చాడు. కారే బిందెలకీ గిన్నెలకీ మాట్లు వేసే పనివాడు. ఏడాదికోసారి మా దిబ్బకు వచ్చి, పని అయ్యేదాకా ఊళ్లోనే ఉండిపోయేవాడు. అమ్మ పడవను చూపించి, సాయంత్రానికల్లా నీళ్లలో వేయాలని బతిమాలింది. పడవను బోర్లించి తాత పగులు మీద కిరసనాయిలు పూశాడు. శుభ్రంగా తుడిచేసి పైన ముగ్గుపిండి చల్లాడు. పగుల్లో దాగిన నూనె మెల్లగా ఊరి పిండి మీద తడిగీత పడింది. మేము పగులు అయిపోయిందనుకున్న చోటికి అది ఇంకా బెత్తెడు దూరం పోయింది. ఆ గీత కొసన బరమా ఆనించి, చేత్తో తిప్పి, గుండ్రంగా ఒక బెజ్జం వేశాడు.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. కారే పడవకు ఇంకో బెజ్జం పెట్టే మనిషిని నేనెక్కడా చూడలేదు మరి.

"ఏడవబాక అమ్మణ్ణీ," అన్నాడు తాత. "ఈ పగులు పరిగెత్తతా ఉండాది. ఈ గుండ్రం కాడికొచ్చి ఆగిపోద్ది. ఆగినాకే మాటు. పరిగెత్తేదాని మీద మాటు ఏసినా దండగే."

తర్వాత అమ్మ ఎక్కడ నిలబడి గెడ వేస్తుందని అడిగాడు. సరిగ్గా పగులున్న చోటే. దినామూ ఒకేచోట తొక్కుతుంటే సత్తు కూడా అలిసిపోతుందని చెప్పి, అమ్మ వైపు చూశాడు. ఆమె గుడిసె గుంజ పట్టుకుని నిలబడి ఉంది, కళ్లు మూతలు పడుతున్నాయి. తాత రేకుముక్క పెట్టి, రివిట్లు కొట్టి, చుట్టూ పల్చగా తారు పూశాడు. అప్పుడు రేవు దగ్గరున్న పెద్దలందరికీ వినబడేలా గట్టిగా చెప్పాడు. మూడు పొద్దులు ఈ పడవకు నీళ్లు తగలకూడదు, తగిలితే మాటు ఊడిపోద్ది, ఆ పాపం నాది కాదు అన్నాడు. పెద్దలు విసుక్కున్నారు గానీ కాదనలేదు. మొలలోతు నీళ్లలో చుట్టు తిరిగి పోయారు. ఆడమనిషి అలిసిందంటే ఒప్పుకోనివాళ్లు పడవకు మాటు ఆరాలంటే ఒప్పుకున్నారు! తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మరునాడు పొద్దున్నే నేను వేలు పెట్టి చూస్తే తారు ఎండిపోయి ఉంది. మా గుడిసె ముందు కూర్చున్న తాత దగ్గరికి సంబరంగా పరిగెత్తాను. ఆయన నా నోటి మీద చెయ్యి పెట్టి, గుడిసె లోపలికి చూపించాడు. అమ్మ నేల మీద వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. పగటిపూట ఆమె నిద్రపోగా చూడటం నాకు అదే మొదలు.

"రివిట్లు కొట్టిందానికి ఆరేదేముంది? నిన్ననే అయిపోయింది," అన్నాడు మెల్లగా. "సత్తుకు ఆగేచోటు నేను పెట్టినా. మీయమ్మకు ఎవురు పెడతారు?"

ఆ మూడు పొద్దులూ అమ్మ లేచినప్పుడల్లా తారు ఎండిందా అని అడిగేది. ఇంకా అంటుకుంటోందని నేను చెప్పేదాన్ని. నాలుగోనాడు పడవ నీళ్లలోకి దిగింది, చుక్క కారలేదు. తొక్కేచోట తాత ఒక చెక్క కూడా బిగించాడు. అమ్మ ముఖానికి కళ తిరిగొచ్చింది. రేవు పోలేదు. నా పెళ్లయ్యేదాకా ఆమే దాటించింది.

చివరి రోజుల్లో అమ్మ నాయుడుపేటలో నా దగ్గరే ఉంది. ఒక మధ్యాహ్నం కాళ్లు పిసుకుతూ, ఆ అబద్ధం సంగతి ఎట్టకేలకు చెప్పాను. ఆమె కళ్లు మూసుకునే నవ్వింది.

"పోవే పిచ్చిదానా. ఆ తెల్లారుజామునే నేను పోయి ముట్టుకొని చూసినా. ఎండిపోయుండె. వచ్చి మళ్లీ పండుకున్నా."

ఇప్పుడు నా కూతురు ఇక్కడికి దగ్గర్లోనే ఒక కంపెనీలో షిఫ్టులు చేస్తుంది. ఇంటికొస్తే కూర్చోదు, అచ్చం అమ్మమ్మే. మొన్న ఆదివారం పొద్దున నేను వాషింగ్ మెషీన్ ప్లగ్గు పీకేసి, అది చెడిపోయింది, మెకానిక్ మంగళవారం గానీ రాడంట అని చెప్పాను. బట్టల బుట్ట పట్టుకుని పిల్ల మెషీన్ దగ్గరికి పోయింది. వేలాడుతున్న వైరును కాసేపు చూసింది. బుట్ట అక్కడే పెట్టి, పోయి పడుకుంది.