మణికట్టుతో కళ్ళు తుడిచిన నాన్న

గురజాల దాటాక రైలు గేటు పడి మా బస్సు ఆగిపోయింది. పక్కనే మిరప కల్లాలు. ఆ ఘాటుకి అందరం ఒకటే దగ్గు. బస్సు మనుషులతో, మూటలతో కిక్కిరిసి ఉంది. దిగడానికి దారి లేదు, అద్దాలు మూస్తే ఉక్క.

నా పక్కసీటాయన ఒళ్ళో ఆయన కూతురు, నాలుగేళ్ళుంటాయేమో, కళ్ళు మండి ఏడుస్తోంది. ఆయన వేళ్ళు పిడికిట్లో ముడుచుకుని, మణికట్టుతో పాప కళ్ళు తుడుస్తున్నాడు. చేతికి దెబ్బేమైనా తగిలిందా అని అడిగాను.

"దెబ్బేం లేదన్నా. మా నాయన పోయినాక బడి మానేసి, అమ్మతోపాటు కల్లాల్లో మిరగాయలకి తొడిమలు తీసేవాణ్ణి. ఓ రోజు మా చెల్లి ఏడుస్తంటే ఈ చేత్తోనే కళ్ళు తుడిచా. పొద్దుగూకేదాకా గుక్కపట్టి ఏడిసింది. అప్పట్నుంచి ఇంతే."

"ఇప్పుడూ మిరప పనేనా?"

"కాదన్నా. కారంపూడిలో బట్టలకొట్టు. చెల్లెల్ని కూడా చదివించా, ఇప్పుడు టీచరమ్మ." ఆయన అరచేయి తెరిచి చూసుకున్నాడు. "దీనికి కారం లేదని నాకు తెలుసు. చానా ఏళ్ళయింది. అయినా పిల్ల మొకం మీదికి ఈ చెయ్యి పోదు."

గేటు లేచి బస్సు కదిలాక పాప ఏడుపు మానింది. నాన్న చేతిని తన బుగ్గకేసి లాక్కుంది. ఆయన చప్పున పిడికిలి బిగించాడు. అది ఆటనుకుంది కాబోలు, పాప నవ్వింది.

మాచర్లలో నేను దిగేటప్పుడు కూడా ఆ పాప ఒక్కో వేలూ విడదీస్తూనే ఉంది. ఆయన మళ్ళీ ముడుచుకుంటూనే ఉన్నాడు.