మునియప్పన్ అనని మాట

ముదలియార్‌పేటలో మునియప్పన్ ఇంట్లో ఏ మాటైనా అనొచ్చు గానీ, ఒక్కటి మాత్రం నోట రాకూడదు. తరతట్టడం. తర అంటే అరవంలో నేల. పడవ అడుగు పోయి ఇసకకు తట్టి, ముందుకూ పోక వెనక్కూ రాక నిల్చిపోతే ఆ మాట అంటారు. ఊళ్ళోవాళ్ళు దాన్ని గట్టుమీదికి కూడా తెచ్చేసినారు. ఉద్యోగం ఊడినోడూ తరతట్టినాడే, పెండ్లి కుదరనోడూ తరతట్టినాడే.

పద్దెనిమిదేండ్ల కింద ఒక పొద్దున ఇడ్లీ తింటా, "పడవ తరతట్టితేనే నువ్వు ఇంటిపట్టున ఉంటావు" అని తన అన్న అణ్ణామలైని ఎగతాళి చేసినాడు మునియప్పన్. ఆ సాయంత్రమే హార్బరు మొగలో, పడవలు సముద్రంలోంచి లోపలికి దూరే ఇరుకుదారిలో, అన్న పడవ ఇసకెక్కింది. వెనకనుంచి వచ్చిన అల దాన్ని బోర్లేసింది. అన్న దొరకలేదు.

అప్పట్నుంచి మునియప్పన్ రోజూ తెల్లారి మొగకు పోతాడు. వెదురుగడ దించి లోతు చూస్తాడు. నాలుగు కణుపులు మునిగితే దారున్నట్టు. మునక్కపోతే, "ఇసక కాలు పట్టేట్టుంది" అంటాడు, అంతే. వలలు బాగుచేసుకునేవాళ్ళు నవ్వుతారు, "ఏంది పెద్దాయనా, గడతో ఇసకకు నాడి చూస్తాండావా?" అని.

మొన్న మంగళవారం గడ రెండున్నర కణుపులకే ఆగింది. నీళ్ళు బురదరంగు. దక్షిణాన ఆకాశం పెనం అడుగు మాదిరి నల్లబడింది. కొడుకు నరేంద్రన్ పడవ, దాంట్లో నలుగురు, మొగవైపే వస్తాండారు. మునియప్పన్ ఫోను తీసినాడు.

"ఇప్పుడు రాబాకరా. ఇసక కాలు పట్టేట్టుంది."

"నువ్వు రోజూ అనేదే గదా నాయనా. ఈడ గాలి లేస్తాంది. యాడ ఆగేది? ఒక్క ఊపులో దూరేస్తాం."

కాఫీ తెచ్చిన కోడలు ప్రీతిక పక్కనే నిలబడి ఉంది.

"నరేంద్రా, తరతడతావు."

పుట్టి బుద్ధెరిగినాక నాయన నోట ఆ మాట వాడు విన్లేదు. ఇంజను చప్పుడు సన్నబడింది.

"సరే నాయనా. మొగ బయటే ఉంటాం."

ఫోను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు.

"పడవ నీళ్ళమీద ఉండంగా ఆ మాట అన్నావేంది మామా?" అనింది ప్రీతిక, మెల్లగా.

ఆయన సముద్రంకేసి చూసినాడు. దూరంగా పడవ చుక్కమాదిరి ఊగుతాంది, దాని వెనకాల నలుపు దగ్గరికొస్తాంది. గడను పైకి లాగబోయినాడు. ఇసక దాన్ని వదల్లేదు.