తుమ్మెద పాలైన పనిబల్ల

ఈ భూమ్మీద ఎక్కడ గుమ్మడికాయ కాసినా అందులో మా తాతయ్య చెయ్యి ఉంటుంది. నమ్మనివాళ్ళు మా అపార్ట్‌మెంట్ వెనక తోటకొచ్చి చూసుకోవచ్చు.

తాతయ్య వడ్రంగి. వీధంతా పాలిష్ తాత అంటారు. ఏ చెక్క దొరికినా గరుకు కాగితంతో రుద్ది, మూడు పూతలు వార్నిష్ వేయందే వదలడు. ఇంట్లో చీపురు కర్ర కూడా తళతళలాడుతూ అమ్మమ్మ చేతిలోంచి జారిపోతుంటుంది.

ఆ ఏడు తోటలో గుమ్మడి పాదులు విరగబూశాయి గానీ ఒక్క పిందె నిలవలేదు. తలా ఓసారి పురుగుమందు కొట్టీ కొట్టీ తేనెటీగల్ని తరిమేశారు మరి. "నెలాఖరుకి ఒక్క కాయైనా చూపించండి. లేదా సిమెంటు పోయించి కార్లు పెట్టుకుంటాం," అని అపార్ట్‌మెంట్ సెక్రటరీ తేల్చేశాడు. పాదులు పెట్టిన టీచరమ్మ ముఖం చిన్నబోయింది.

"బెంగపడకమ్మా. మీరు మందు కొట్టడం మానండి, బెజ్జాల్లో గూడు పెట్టే తేనెటీగలకి నేను ఇల్లు కట్టిపెడతా," అన్నాడు తాతయ్య.

కట్టాడు. దుంగకి వరసగా బెజ్జాలు తొలిచి తోటగోడకి బిగించాడు. అక్కడితో ఊరుకోవచ్చుగా? లోపలా బయటా వార్నిష్ పూశాడు. వచ్చిన ప్రతి ఈగా గుమ్మంలో ఆగి, వాసన తగలగానే వెనక్కి తిరిగేది. మూడు వారాలు గడిచిపోయాయి.

నాలుగో వారం, తను పనిచేసుకునే షెడ్డులోంచి తాతయ్య కేక. నలభై ఏళ్ళుగా ఎవర్నీ ముట్టుకోనివ్వని పనిబల్ల. చెక్క జారకూడదని, ఆయన జన్మలో పాలిష్ పెట్టని వస్తువు అదొక్కటే. దాని కాలిని నల్లటి తుమ్మెద ఒకటి తొలిచేస్తోంది. కింద పిండిలా పొట్టు రాలుతోంది. తాతయ్య చెప్పు తీశాడు.

"ఆగండాగండి! మీరు తొలిస్తే పనితనమూ, అది తొలిస్తే నాశనమూనా?" అంది అమ్మమ్మ.

చెప్పు పట్టుకునే వంగి చూశాడు. బెజ్జం గీత గీసినట్టు గుండ్రంగా ఉంది. అక్కడే చతికిలబడ్డాడు. "దొంగది! పనిముట్టు లేకుండా ఎంత నున్నగా తీసిందే," అని గొణిగాడు.

సాయంత్రం తుమ్మెద గూట్లో దూరాక, ఆయనా వాచ్‌మనూ బల్లని మోసుకెళ్ళి గుమ్మడి పాదుల మధ్య పెట్టారు.

"వానకి నానిపోదూ?" అంది అమ్మమ్మ.

"పోనీ," అన్నాడు తాతయ్య, ముఖం అటు తిప్పుకుని.

నెలాఖరుకి సెక్రటరీ వచ్చేసరికి తీగకి పిడికెడంత పిందె.

"ఇదీ ఒక కాయేనా?"

"ముట్టుకుని చూడండి సార్," అంది టీచరమ్మ.

ఆయన వంగాడో లేదో, తుమ్మెద చెవి పక్కన జుమ్మంది. రెండంగల్లో గేటు దాటాడు. సిమెంటు మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇదంతా రాసి, నేను ఆ బల్లెక్కి కూర్చుని చదివి వినిపిస్తే, తాతయ్య మొదటి వాక్యానికే విసుక్కున్నాడు.

"నా చెయ్యేముంది కోతీ అందులో? నేను కట్టిన ఇంట్లో ఒక్కటీ చేరలేదు. నా పేరు కొట్టేసి తుమ్మెద పేరు రాయి. ముందు ఆ బల్ల దిగు. అది ఇంకొకళ్ళ ఇల్లు."