జెబకని తీయనన్న తోడు

మా ఎదురింటి పాండియమ్మాళ్ కూతురు జెబకని హాకీ ఆడేది. తమిళనాడులో ఉన్న మా కోవిల్‌పట్టిలో అదేమీ వింత కాదు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయేవాళ్ళ ఇళ్ళల్లో కూడా తలుపు వెనకాల ఒక హాకీ కర్ర ఉంటుంది. వింతేమిటంటే, పోటీ అన్న మాట వింటే చాలు, ఆ పిల్లకు కడుపులో తిప్పేది. వాంతి చేసుకుంటున్న చప్పుడు మా వంటింటిదాకా వినబడేది.

1999లో విరుదునగర్‌లో స్కూళ్ళ పోటీ ఫైనల్లో పెనాల్టీ స్ట్రోక్ కొట్టమని దాన్ని నిలబెట్టారు. గోల్‌కీపర్ తప్ప అడ్డం ఎవరూ ఉండరు. అయినా బంతి పక్కకు పోయింది. ఇంటికొచ్చి మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఆ మూడు రోజులూ వాళ్ళ గడపలో కూర్చుని, అడిగి అడిగి ఈ సంగతంతా రాబట్టాను.

మరుసటి ఏడు కూడా అక్కడే ఫైనల్. ఈసారీ తప్పితే కర్రను పొయ్యిలో పెట్టేసి, అమ్మతో ఫ్యాక్టరీకి పోతానంది.

"బయం ఎందుకే? ఆదివారం యేసు కోయిల్లో అంత గట్టిగా పాడతావే!" అన్నాను.

"పాడేది సులువు అత్తా. అక్కడ గోల్‌కీపర్ ఉండదు కదా!"

బయల్దేరే రోజు దాని తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. మా మనవరాలికని కొన్న రాళ్ళ కమ్మలు దాని చెవులకు పెట్టి, "ఏమైనా కానీ, తోడు విడవకు కన్నూ" అని చెప్పాను. బుద్ధిగా తల ఊపింది. ఆట చూడకుండా నేనెట్లా ఉంటాను? వాళ్ళ వ్యాన్‌లోనే ఎక్కి కూర్చున్నాను. పి.టి. మాస్టరు తంగపాండి ఎగాదిగా చూశాడు గానీ, దింపలేకపోయాడు.

మైదానంలో అంపైర్ వరసగా అందరి చెవులూ చూస్తూ వచ్చాడు. "తోట్టై కళట్టు" అన్నాడు తమిళంలో. కమ్మ తీసెయ్యమని అర్థం; కమ్మను వాళ్ళు తోడంటారు. ఆటలో నగలు కూడదట. మిగతా పిల్లలు తీసేశారు. జెబకని మాత్రం రెండు చెవులూ అరచేతులతో మూసుకుని నిలబడింది.

"తియ్యను సార్. అత్త దేవుడి ముందర చెప్పింది, తోడు విడవకూడదని."

తంగపాండి నా వైపు తిరిగాడు. "తీయకుంటే ఆడనివ్వరమ్మా. ఏం చెప్పి తెచ్చినారు మీరు?"

అప్పుడు తట్టింది నాకు. మా నాగలాపురం అవ్వ తోడు అనేది పక్కన ఉండే మనిషిని. ఇప్పటి మా తెలుగు పిల్లలు దాన్ని తమిళంలాగా 'తొణ' అంటారు. వాళ్ళకు తోడంటే చెవిలోదే. నేనేమో కమ్మలు పెట్టి మరీ ఆ మాట అన్నాను!

"ఓసి మొద్దూ! నేను చెప్పింది చెవి తోడు కాదే, యేసుసామి తోడు! తొణ, తొణ!"

పిల్లలంతా పకపకా నవ్వారు. జెబకని నవ్వలేదు. కంచె దగ్గరికి వచ్చింది.

"అయితే ఇది తీసినా ఆయన ఉంటాడా?"

"ఉంటాడే."

"నేను మళ్ళీ తప్పితే?"

"తప్పితే నిన్ను విడిచి మదురై బస్సెక్కి పోతాడా? పోయిన ఏడు మూడు రోజులు ఏడ్చినప్పుడు నీ పక్కన ఉన్నదెవరు?"

"మీరు అత్తా. ఏమైందే, ఏమైందే అని నా ప్రాణం తీస్తూ."

"నాకంటే ముందే ఆయన వచ్చి కూర్చున్నాడు లేవే!"

అప్పుడు నవ్వింది. కమ్మలు తీసి నా చేతిలో పెట్టింది.

ఒక గోల్ వెనకబడి ఉండగా మళ్ళీ పెనాల్టీ స్ట్రోక్ వచ్చింది. ఎవరిని పంపాలా అని తంగపాండి చూస్తుంటే, "నేను కొడతా సార్" అని అదే ముందుకు వచ్చింది. పెదాలు కదిలాయి. కొట్టింది. గోల్‌కీపర్ కాలు అడ్డం పెట్టి ఆపేసింది.

ఆ పిల్ల ఒక్కసారి ఆకాశంలోకి చూసి, "రండే, ఇంకా టైముంది!" అని కేకలేస్తూ వెనక్కి పరుగెత్తింది. చివరి ఈల దాకా ఆ పరుగు ఆపలేదు.

ఓడిపోయారు. తిరిగొచ్చే దారిలో విరుదునగర్ నూనె పరోటాలు నాలుగు తిని, నా ఆకులోంచి అయిదోది లాక్కుంది.

"కడుపులో తిప్పడంలేదా?"

"ఆకలి అత్తా!"

కర్ర పొయ్యిలోకి పోలేదు. ఇప్పుడు మా వీధి ఆడపిల్లలకు సాయంత్రాలు జెబకనే ఆట నేర్పిస్తోంది. ఆ కమ్మలు నా పెట్టెలోనే ఉన్నాయి. ఎందుకు తీసుకోవే అంటే నవ్వుతుంది. పోటీ రోజు మాత్రం పిల్లల్ని వరసగా నిలబెట్టి ఒకే మాట చెబుతుంది:

"అందరూ తోడు తీసేయండి. తోడు మాత్రం విడవకండి."